‘ఊరికే ఏడిపిస్తున్నాం మేడమ్’: తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు ఒక తెలుగు టీచర్ బహిరంగ లేఖ

పిల్లల తల్లిదండ్రులకు, నాతోటి ఉపాధ్యాయులకు నమస్కారం.

నేను పల్నాడు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఇరవై రెండేళ్ళ సర్వీసు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు పేరెంట్స్ మీటింగ్ పెట్టినప్పుడు మైకు నా చేతికి వచ్చింది. మార్కుల గురించి చెప్పాను, హాజరు గురించి చెప్పాను, ఫోన్లు ఇవ్వొద్దని చెప్పాను. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, బడిలో పిల్లలు తోటి పిల్లల్ని ఏడిపించడం గురించి. గొంతు దాకా వచ్చింది, చెప్పలేకపోయాను. 2025 జులై 10న మళ్ళీ మీటింగ్ జరిగింది. మళ్ళీ చెప్పలేదు. అందుకే ఇప్పుడు ఉత్తరం రాస్తున్నాను.

మా ప్రాంతంలో సంక్రాంతి దాటిందంటే మిరప కోతలు. కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చి, చేల పక్కన పట్టాలు కప్పుకుని మార్చి దాకా ఉంటారు. వెంట పిల్లలూ వస్తారు. చాలామంది పెద్దవాళ్ళతో పాటు చేలోకే పోతారు. కొందరిని మేమే వెళ్ళి, బతిమాలి బడికి తెచ్చుకుంటాం. అలా 2024 జనవరిలో ఒక పాప మా ఎనిమిదో తరగతిలోకి వచ్చింది. పేరు చెప్పను.

మొదటి రోజు అడిగాను, “పుస్తకం తెచ్చుకున్నావా అమ్మా?” అని.

“ల్యాదు మేడమ్.”

క్లాసంతా గొల్లున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆపుకున్నాననుకున్నాను గానీ పిల్లలు నా ముఖం చూశారు. మేడమే నవ్వింది కదా అనుకుని ఉంటారు.

ఆ రోజు నుంచి ఆ పాప పేరు ‘ల్యాదు’ అయిపోయింది. నేను హాజరు పిలుస్తుంటే, ఆమె పేరు రాగానే, తను “ప్రెజెంట్ మేడమ్” అనేలోపే వెనక బెంచీల్లోంచి సన్నగా “ల్యాదు” అని వినిపించేది. నేను తలెత్తి “ఎవర్రా అది?” అనేదాన్ని. అందరూ బుద్ధిగా కూర్చునేవాళ్ళు. మొదటి వారం ఆ పాప కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. దాంతో నాకు టెన్షన్ తీరిపోయింది, కలిసిపోయిందిలే అనుకున్నాను. నవ్వకపోతే ఇంకా ఎక్కువ ఏడిపిస్తారని నవ్వే పిల్లలు ఉంటారని, అన్నేళ్ళ సర్వీసు ఉండి కూడా నాకు తోచలేదు.

మూడో వారంలో ఒకరోజు ఇంటర్వెల్లో ఒక్కతే నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడి ఉంది. “ఏమైందమ్మా?” అన్నాను. “ఏం ల్యా...” అని ఆగిపోయింది. ఒక్క క్షణం నోట్లోనే సరిచేసుకుని, “ఏం లేదు మేడమ్” అంది. తను పుట్టినప్పటి నుంచి అమ్మ దగ్గర విన్న మాటని ఆ పిల్ల తప్పులాగా మింగేసింది. నేను తెలుగు టీచర్ని. ఆ మాట నా ముందే మింగింది.

తర్వాత అసలు మాట్లాడటమే మానేసింది. అడిగితే తల ఊపేది. ఫిబ్రవరి మధ్యలో బడికి రావడం ఆపేసింది. నేను చేలోకి వెళ్ళాను. ముఖానికి గుడ్డ కట్టుకుని సాలులో కాయలు కోస్తోంది. నన్ను చూసి తల దించుకుంది, ఎత్తలేదు. వాళ్ళమ్మే లేచి వచ్చింది. “బడికి పోనంటాది మేడమ్. అందరూ నగుతారంట” అంది. కోపంగా అనలేదు. తప్పు తమదే అయినట్టు, కొంచెం సిగ్గుపడుతూ అంది.

క్లాసుకి వచ్చి పిల్లల్ని నిలబెట్టి అడిగితే వాళ్ళు నిజంగానే ఆశ్చర్యపోయారు. “ఊరికే ఏడిపిస్తున్నాం మేడమ్” అన్నారు.

ఈ ‘ఏడిపించడం’ అనే మాట గురించి నేను చాలా ఆలోచించాను. మన భాషలో దీనికి రెండు అర్థాలూ ఉన్నాయి. మరదల్ని బావ ఏడిపిస్తాడు, మనవణ్ణి తాత ఏడిపిస్తాడు, అందులో ముద్దు ఉంటుంది. అదే మాటతో ఒక పిల్లని పాతికమంది రోజూ చుట్టుముట్టి చేసే పనిని కూడా చెప్తాం. మాట ఒకటే కావడంతో రెండూ ఒకటే అనుకుంటున్నాం. తేడా తెలుసుకోవడం ఏమంత కష్టం కాదు. ఏడిపించినవాళ్ళని తను కూడా తిరిగి ఏడిపించగలిగితే, ‘ఇక చాలు’ అనగానే ఆగితే, అది ఆట. ఆ పాప ఒక్కతి, వాళ్ళు పాతికమంది. ఊరు వాళ్ళది, యాస వాళ్ళది, చేను వాళ్ళ నాన్నలది, అందులో కూలికి వచ్చింది ఆ పాప వాళ్ళమ్మ. ఇందులో ఆట ఎక్కడుంది?

ఈ ‘ల్యాదు’ మొదలుపెట్టిన అబ్బాయి నాన్నకి ఫోన్ చేశాను. మంచి మనిషి, బడికి బెంచీలు ఇప్పించిన మనిషి. “పిల్లలన్నాక ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకుంటారు మేడమ్, మా చిన్నప్పుడు మేం పడలేదా?” అన్నారు. ఈ మాట మీలో చాలామంది అంటారని నాకు తెలుసు. మీరు పడ్డారు, నిజమే. పడి తట్టుకున్నవాళ్ళే ఇవాళ ఈ మాట అనగలుగుతున్నారు. మీ క్లాసులోనే ఆరో తరగతిలోనో ఏడులోనో బడి మానేసి మళ్ళీ కనపడనివాళ్ళు ఒకరిద్దరు ఉండే ఉంటారు. వాళ్ళని అడిగి చూడండి.

ముందు నా తోటి ఉపాధ్యాయులతో మాట్లాడాలి, ఎందుకంటే మొదటి నవ్వు నాదే.

స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజు మనం ఏం చేస్తామో గుర్తు తెచ్చుకోండి. “ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి, ఎస్టీ పిల్లలు చేతులెత్తండి” అంటాం. మనకి అది లెక్క. లేచి నిలబడిన పిల్లకి అది లెక్క కాదు, ఆ క్షణం నుంచి తనెవరో క్లాసంతటికీ తెలిసిపోయింది. ఒక్కొక్కరినీ స్టాఫ్ రూముకి పిలిచి రాసుకుంటే మనకి అరగంట ఎక్కువ పడుతుంది, అంతే. ఆగస్టు 15కి భారతమాత వేషం ఎవరికి వేస్తున్నాం? ఇన్నేళ్ళలో నేను చూసిన భారతమాతలందరూ క్లాసులో అందరికంటే తెల్లగా ఉన్న పిల్లలే. నాటకంలో రాక్షసుడు కావాలంటే మన వేలు ఎవరివైపు పోతుంది? కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి సోడాబుడ్డి అని, లావుగా ఉన్నవాణ్ణి బండోడా అని, మెల్లగా రాసేవాణ్ణి మొద్దు అని ముద్దుగానే పిలుస్తాం. మనం ముద్దుగా పిలిచిన పేరుని గ్రౌండ్‌లో వాళ్ళు ముద్దుగా వాడరు.

2009 విద్యా హక్కు చట్టంలో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదని మాత్రమే చెప్పలేదు. మానసికంగా వేధించకూడదని కూడా చెప్పింది. బెత్తం సంగతి మనందరికీ గుర్తుంది, రెండో సగం ఎవరికీ గుర్తులేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది, కాలేజీ గేట్ల మీద బోర్డులు కూడా పెట్టారు. ఏ హైస్కూల్ గేటు మీదా అలాంటి బోర్డు నేను చూడలేదు. కాలేజీలో ర్యాగింగ్ చేసేవాడు ఆ విద్య కాలేజీకి వెళ్ళాక నేర్చుకోడు. మన దగ్గర ఐదేళ్ళు ప్రాక్టీసు చేసి వెళ్తాడు.

ఇక మధ్యాహ్న భోజనం. ఇప్పుడు దీనికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1841 నుంచి 1909 దాకా బతికిన తల్లి. గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో, వేళ కాని వేళ ఎవరు వచ్చి ఆకలి అన్నా కులం అడగకుండా ఆకు వేసి వడ్డించిన మనిషి. మన జిల్లాకి అంతకంటే పాత కథ ఉంది. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడని, అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని, మాల కన్నమదాసుని కొడుకుగా చూసుకున్నాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. కారంపూడిలో ఏటా వీరుల ఉత్సవాలప్పుడు చాపకూడు ఇప్పటికీ జరుగుతుంది. మీలో చాలామంది వెళ్ళి ఒక ముద్ద తిని వచ్చినవాళ్ళే.

ఒకసారి మధ్యాహ్నం మీ బడి వరండాలోకి వచ్చి చూడండి. ఎవరూ గీత గీయలేదు. ఎవరూ ఇక్కడ కూర్చో, అక్కడ కూర్చోవద్దు అనలేదు. అయినా పిల్లలు ఊళ్ళో ఇళ్ళు ఎలా ఉంటాయో అలాగే కూర్చుంటారు. ఈ బజారు పిల్లలు ఇటు, ఆ కాలనీ పిల్లలు అటు. నేను చాలా ఏళ్ళు ఇది స్నేహమనే అనుకున్నాను, దగ్గరి ఇళ్ళ పిల్లలు దగ్గర కూర్చుంటారు కదా అని. ఒకరోజు ఆరో తరగతి పాప కంచం పట్టుకుని ఖాళీ ఉన్న చోట కూర్చోబోతే, పక్క పిల్ల తన కంచం జరుపుకుంది. ఒక జానెడు దూరం. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. కూర్చోబోయిన పాప ఏమీ అనకుండా లేచి అటువైపు వెళ్ళిపోయింది. పదకొండేళ్ళ పిల్లలు, ఆ జానెడు దూరం ఇద్దరికీ అర్థమైంది.

ఆ కంచం జరపడం మేం నేర్పలేదు. తల్లిదండ్రులారా, ఇక్కడ మీతో కొంచెం కఠినంగా మాట్లాడక తప్పదు.

అబ్బాయి కొత్త స్నేహితుణ్ణి ఇంటికి తెస్తాడు. నాయనమ్మ మంచినీళ్ళు ఇస్తూ “మీ ఇంటిపేరేంటి బాబూ?” అంటుంది. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో మనందరికీ తెలుసు. ఇంటిపేరుతో తేలకపోతే “మీ నాన్న ఏం చేస్తారు, మీ ఇల్లు ఎక్కడ” అని ఇంకో రెండు అడుగుతారు. సమాధానాన్ని బట్టి ఆ పిల్లవాణ్ణి వంటింటి దాకా రానిస్తారా, వరండాలోనే కూర్చోబెడతారా అనేది తేలుతుంది. ఆ పిల్లవాడు వెళ్ళాక “వాళ్ళతో మరీ రాసుకుపూసుకు తిరగకు” అని ఒక్కమాట. పనిమనిషికి టీ ఇచ్చే గ్లాసు విడిగా బోర్లించి ఉంటుంది. కూలికి వచ్చినాయన మన నాన్నకంటే పెద్దవాడైనా ‘ఒరేయ్’ అంటాం, ఆయన మన పదేళ్ళ కొడుకుని ‘బాబుగారూ’ అంటాడు. ఇవన్నీ పిల్లలు చూస్తారు. ‘పెద్దవాళ్ళని గౌరవించాలి’ అని నేను నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో చెప్తాను. ఏ పెద్దవాళ్ళని గౌరవించాలో, ఏ పెద్దవాళ్ళని అక్కర్లేదో ఇల్లు రోజంతా చెప్తుంది.

కవి గుర్రం జాషువా మా జిల్లావాడే. 1895లో వినుకొండలో పుట్టారు. బడిలో చేరాక కులం పేరు చెప్పి తోటి పిల్లలే కాదు, పంతుళ్ళు కూడా అవమానించారు. ఆయన ఊరుకోలేదు, తిరగబడ్డారు. పెద్దయ్యాక చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారంతటివారు తన చేతులతో ఆయన కాలికి గండపెండేరం, అంటే కవులకు గౌరవంగా తొడిగే కడియం, తొడిగారు. ప్రతి సెప్టెంబరు 28న మనం ఆయన ఫొటోకి దండ వేస్తాం, పిల్లల చేత పద్యాలు పాడిస్తాం. ఆయన మన లాంటి బడిలోనే, మన లాంటి పంతుళ్ళ చేతిలోనే ఆ మాటలు పడ్డారన్నది మాత్రం చెప్పం. ఈసారి నేను చెప్పాను. క్లాసు నిశ్శబ్దంగా విన్నది. చివరలో ఒక అబ్బాయి “ఆ పంతుళ్ళ పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా మేడమ్?” అని అడిగాడు. లేవు నాన్నా అన్నాను.

ఇది చిన్న విషయమే అని ఇంకా అనిపిస్తే తమిళనాడు వైపు చూడండి. 2023 ఆగస్టులో తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో పన్నెండో తరగతి చదివే దళిత పిల్లవాణ్ణి, అడ్డొచ్చిన అతని చెల్లెల్ని, అదే బడి పిల్లలు ఇంటికి వెళ్ళి కొడవళ్ళతో నరికారు. అది ఒక్కరోజులో వచ్చిన కోపం కాదు, బడిలో చాలా రోజులుగా నడిచిన వేధింపు. ఆ పిల్లవాడు బతికాడు, పరీక్ష రాసి 600కి 469 మార్కులు తెచ్చుకున్నాడు. ఆ ఘటన తర్వాత ప్రభుత్వం రిటైర్డ్ జడ్జి కె. చంద్రు గారితో కమిటీ వేసింది. 2024 జూన్‌లో ఆయన ఇచ్చిన నివేదికలో బడి పేర్లలోంచి కులం తీసేయమన్నారు, కులాన్ని చూపించే రంగు తాళ్ళు చేతులకి కట్టుకుని రాకూడదన్నారు, పిల్లల్ని అక్షర క్రమంలో కూర్చోబెట్టమన్నారు. మన పిల్లల చేతులకి తాళ్ళు లేవు, సరే. ఫలానా హీరో మనవాడు, ఫలానా హీరో వాళ్ళవాడు అని బ్యాగుల మీద స్టిక్కర్లు ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో తోటి పిల్లవాడి ముఖాన్ని స్టిక్కర్ చేసి రాత్రి పదకొండింటికి పంపుకుంటున్నారు. మా చిన్నప్పుడు ఏడిపింపు సాయంత్రం బెల్లు కొట్టగానే ఆగేది. ఇప్పుడు దిండు కింద దాకా వస్తోంది.

ఏం చేయాలని మీరు అడుగుతారు. నేను చేసినవి, చేస్తున్నవి చెప్తాను.

ఆ పాప మానేశాక నేను ఒక పనిష్మెంట్ ఇవ్వబోయి ఆగాను. ఆ అబ్బాయిని క్లాసు బయట నిలబెడితే వాడు హీరో అవుతాడు, లేదంటే వాణ్ణి ఇంకో పాతికమంది ఏడిపిస్తారు. అదీగాక, ఆ అబ్బాయిని ఇంట్లో అన్నతో పోల్చి దద్దమ్మ అంటారని నాకు తర్వాత తెలిసింది. అందుకని క్లాసు మొత్తానికి ఒక పని ఇచ్చాను. ఇంటికి వెళ్ళి అమ్మమ్మల్ని, తాతల్ని అడిగి, మన ఊళ్ళో అనే మాటలు, పుస్తకంలో లేనివి, తలా పది రాసుకు రమ్మన్నాను. రాసుకొచ్చారు. చదువుతుంటే వాళ్ళకే నవ్వొచ్చింది, ఎందుకంటే అవి వాళ్ళవే. అప్పుడు అడిగాను, “రేపు ఇంటర్‌కి విజయవాడ వెళ్ళి హాస్టల్లో ఈ మాట అన్నారనుకోండి, ఏమవుతుంది?” అని. ‘ల్యాదు’ మొదలుపెట్టిన అబ్బాయి అన్న అప్పటికే అక్కడ ఇంటర్ చదువుతున్నాడు. “మా అన్నని పల్నాడోడా అని ఏడిపిస్తున్నారు మేడమ్, అందుకే ఫోన్లో కూడా యాస మార్చి మాట్లాడుతున్నాడు” అన్నాడు. అన్నాక తనే తల దించుకున్నాడు. నేనేమీ అనలేదు.

ఫిన్లాండ్‌లో టుర్కు విశ్వవిద్యాలయం వాళ్ళు బడుల్లో ఏడిపింపు ఆపడానికి ‘కివా’ అనే పద్ధతి తయారుచేశారు, 2009 నుంచి దేశమంతా వాడారు. అందులో నాకు నచ్చింది ఒకటి. వాళ్ళు ఏడిపించేవాడికంటే, ఏడ్చేవాడికంటే, చుట్టూ నిలబడి నవ్వేవాళ్ళ మీద ఎక్కువ దృష్టి పెట్టారు. నవ్వేవాళ్ళు లేకపోతే ఆట సాగదు. నేను ఇప్పుడు పిల్లలకి రెండే నేర్పుతున్నాను. ఒకటి, నవ్వకు. ఎదిరించే ధైర్యం అందరికీ ఉండదు, నవ్వకుండా ఉండటం మాత్రం ఎవరైనా చేయగలరు. రెండు, తర్వాత వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చో. ఏమీ చెప్పక్కర్లేదు, కూర్చుంటే చాలు. మధ్యాహ్నం భోజనానికి మా బడిలో ఇప్పుడు నంబర్ల ప్రకారం కూర్చుంటున్నారు, నంబర్లు వారం వారం మారుస్తాం. మొదటి వారం ఇద్దరు తల్లులు వచ్చి గొడవ పెట్టుకున్నారు. హెడ్మాస్టరు గారు వాళ్ళని కూడా కూర్చోబెట్టి భోజనం పెట్టించారు.

తల్లిదండ్రులుగా మీరు చేయగలిగింది ఇంకా ఉంది. బిడ్డ వచ్చి ‘నన్ను ఏడిపిస్తున్నారు’ అంటే ‘పట్టించుకోకు’ అనకండి. ‘నువ్వూ రెండు తగిలించు’ అని కూడా అనకండి. ఎవరు, ఎక్కడ, ఎప్పటి నుంచి అని అడిగి, మర్నాడు బడికి వచ్చి మాతో చెప్పండి. మేం వినకపోతే మీ బడి కమిటీలో చెప్పండి. ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టమే చెప్పింది, అంటే అది మీ కమిటీ. అక్కడా వినకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, పిల్లలే స్వయంగా చేయొచ్చు. బిడ్డ సరిగ్గా తినకపోయినా, సోమవారం పొద్దున కడుపునొప్పి అన్నా, టిఫిన్ బాక్సు అలాగే తెచ్చినా కారణం అడగండి. ఇంకొకటి, ఇది అడగడానికే ఎక్కువ ధైర్యం కావాలి: “నువ్వు ఎవరినైనా ఏడిపిస్తున్నావా?” అని కూడా అడగండి. మన బిడ్డని ఎవరో ఏడిపిస్తున్నారని నమ్మడం తేలిక. మన బిడ్డే ఆ పని చేస్తోందని నమ్మడం కష్టం. ప్రతి క్లాసులో చేసేవాళ్ళు కూడా ఎవరో ఒకరి బిడ్డలే కదా.

తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల కాగితంతో పాటు ఈ విషయానికి కూడా ఒక పావుగంట కేటాయించమని హెడ్మాస్టర్లందరినీ అడుగుతున్నాను. పిల్లల పేర్లు చెప్పక్కర్లేదు, మన ఇళ్ళల్లో, మన క్లాసుల్లో ఏం మాటలు వాడుతున్నామో మాట్లాడుకుందాం. మొదట నేను లేచి మాట్లాడతాను.

జనవరి వస్తోంది. మళ్ళీ కోసిగి వైపు నుంచి మనుషులు దిగుతారు, చేల పక్కన పట్టాలు లేస్తాయి. ఆ పాప చదువు సాగి ఉంటే ఇప్పుడు పదో తరగతిలో ఉండాలి. పోయిన ఏడు ఆ గుడారాల్లో వెతికాను, వాళ్ళ కుటుంబం రాలేదు. ఈసారి కూడా వెళ్తాను. కనపడితే ముందు క్షమించమని అడగాలి. తర్వాత, పిల్లలు రాసుకొచ్చిన ఆ మాటల పుస్తకం నా బీరువాలో ఉంది, మొదటి పేజీ ఖాళీగా ఉంచాం. అందులో ‘ల్యాదు’ అని తన చేత్తో రాయించుకోవాలి.

ఇట్లు,
మీ పిల్లల తెలుగు టీచర్,
పల్నాడు జిల్లా.